మన ఇంటి సరుకులు – మన పిల్లల పరీక్షలు

(ఉగాది సభలో విద్యార్థులను, వారి తలిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

 

ఇటువంటి సభలలో మాట్లాడుటకు పండితులు ఎందరో ఉన్నారు. మేము రైల్వే కచేరీలో గుమాస్తా పని చేసుకునేవాళ్ళము. మా చదువు మెట్రిక్కుతో సరి. అయితే తూచుట, లెక్క కట్టుట, చూచినది చూచినట్లు చిట్టాలో ఎక్కించుట, ఈ మూడూ మాకు రోజూ ఉన్న పనులే. పిల్లలకు సైన్సులో మొట్టమొదట కావలసినవి కూడా ఈ మూడే. ఆ ధైర్యంతోనే ఈ వేదిక ఎక్కాము.

మన ఇళ్ళలో నెల మొదట్లో సరుకుల జాబితా రాస్తాము. సబ్బు, బట్టల పొడి, టీ పొడి, ఏడాదికి నాలుగు తువ్వాళ్ళు. ఏది కొనవలెనో చెప్పేవారు చాలామంది. టీవీ చెబుతుంది, చేతిలోని ఫోను చెబుతుంది, కొట్టు సేటు చెబుతాడు, పక్కింటి వదినె చెబుతుంది. అందరి మాటా నమ్మితే జీతం చాలదు, ఎవరి మాటా నమ్మకపోతే జాబితా సాగదు. ఈ చిక్కు తీర్చగలవారు మన ఇంట్లోనే ఉన్నారు. వారు ఎనిమిదో తరగతో, తొమ్మిదో తరగతో చదువుతున్న మన పిల్లలు. వారికి ప్రయోగశాల అక్కరలేదు. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా, స్కేలు, గడియారం, నాలుగు ఖాళీ సీసాలు, ఒక నోటుబుక్కు చాలును.

మొదట ప్రశ్న సరిగా వేయుట నేర్చుకోవలెను. "ఏ తువ్వాలు మంచిది?" అన్నది పరీక్షకు లొంగే ప్రశ్న కాదు. మంచిది అనగా మెత్తనిదా, చవకదా, ఎక్కువ కాలం మన్నేదా, వానకాలంలో త్వరగా ఆరేదా? ఒక్కొక్కరికి ఒక్కొక్కటి మంచి. "ఒక గ్రాము బట్ట ఎన్ని గ్రాముల నీరు పీల్చుకొనును?" అని అడిగితే దానికి కాటా జవాబు చెప్పగలదు. కాటాకు గాని, గడియారానికి గాని, స్కేలుకు గాని అర్థమయ్యేటట్లు అడిగినదే పరీక్షకు తగిన ప్రశ్న.

తువ్వాలు మాట ఊరికే ఎత్తలేదు. మనము ఉన్నది షోలాపురం. దుప్పటికి, తువ్వాలుకు పేరు మోసిన ఊరు. మన తాతలు, ముత్తాతలు తెలంగాణ పల్లెల నుండి మగ్గం పని వెదుక్కుంటూ ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. కనుక మన పిల్లల మొదటి పరీక్ష తువ్వాలు మీదనే చేయిద్దాము.

మూడు రకాల తువ్వాళ్ళు తీసుకోండి. కొత్తవి అయితే మూడు సార్లు ఒకే విధంగా ఉతికి ఆరవేయండి. కొత్త బట్టకు పట్టించిన గంజి, మెరుగులు నీటిని లోపలికి రానివ్వవు. ఉతకని కొత్తదానిని ఉతికిన పాతదానితో పోటీకి నిలబెడితే అది అన్యాయం. బట్ట మెత్తబడుటకు చివరి జాలింపులో వేసే ద్రావకం కూడా పీల్చే గుణాన్ని తగ్గించును, అది వేయవద్దు.

ఒక్కొక్క తువ్వాలు నుండి 25 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల ముక్కలు మూడేసి కత్తిరించండి. ఇంకా చిన్న ముక్కలు చాలవా అని అడుగుతారేమో. చదరపు మీటరుకు 400 గ్రాములు తూగే బట్టలో 10 సెంటీమీటర్ల చదరపు ముక్క 4 గ్రాములే ఉండును. ఇంటి కాటా గ్రాముకు తక్కువ చూపదు. నాలుగింటిలో ఒకటి అటు ఇటు అయితే ఇక ఆ లెక్కకు విలువ ఏమున్నది? మేము చెప్పిన ముక్క అదే బట్టలో 20 గ్రాములు తూగును. కొలిచే సాధనాన్ని బట్టి సరుకు పరిమాణం ఎంచుకోవలెను.

పొడి ముక్కను తూచి రాయండి. బకెట్టు నీటిలో సరిగ్గా ఒక నిమిషం ముంచండి. తీసి, పిండకుండా, ఒక మూల క్లిప్పు పెట్టి రెండు నిమిషాలు వ్రేలాడదీయండి. మరల తూచండి. రైల్వేలో ప్రతి వ్యాగను పక్కన దాని ఖాళీ బరువు రాసి ఉంటుంది. నిండు బరువులో అది తీసివేస్తే సరుకు బరువు తేలుతుంది. ఇక్కడ పొడి ముక్క ఖాళీ వ్యాగను, నీరు సరుకు. పొడి ముక్క 20 గ్రాములు, తడి ముక్క 76 గ్రాములు అనుకుందాము. నీరు 56 గ్రాములు. దానిని 20చే భాగిస్తే 2.8. అనగా గ్రాము బట్ట 2.8 గ్రాముల నీరు పట్టింది.

మూడు ముక్కలు ఎందుకన్నది అసలు సంగతి. ఒక తువ్వాలుకు 2.7, 2.8, 3.1 వచ్చినవనుకోండి. మరొకదానికి 2.9, 2.6, 3.0 వచ్చినవి. మొదటిదాని సగటు 2.87, రెండవదానిది 2.83. మొదటిదే గెలిచింది అనవచ్చునా? అనరాదు. ఒకే తువ్వాలు ముక్కల మధ్య ఉన్న తేడాకంటె రెండు తువ్వాళ్ళ మధ్య తేడా చాలా చిన్నది. అప్పుడు నోటుబుక్కులో "ఈ పరీక్షలో తేడా తేలలేదు" అని రాయవలెను. అది వైఫల్యం కాదు, అదీ ఒక జవాబే. తేడా లేనప్పుడు చవకది కొనుక్కోవచ్చును గదా!

ఇక్కడ పిల్లలు జ్ఞాపకం ఉంచుకోవలసిన సూత్రం ఒక్కటే. పరీక్షించే గుణం ఒక్కటి తప్ప మిగిలినవన్నీ సమానంగా ఉండవలెను. నీరు ఒకటే, సమయం ఒకటే, తూచే చెయ్యి ఒకటే.

ఈ తూచే చేతితోనే పెద్ద చిక్కు ఉన్నది. ఏ ముక్క ఎవరిదో చేతికి తెలిస్తే, తనకు ఇష్టమైన ముక్కను రెండు క్షణాలు ఎక్కువ ముంచుతుంది. కావాలని కాదు, మనసు అట్లా లాగుతుంది. అందుకే పేర్లు దాచవలెను. అక్క ముక్కలకు అ, ఆ, ఇ అని గుర్తులు కుట్టి, ఏది ఏదో కాగితం మీద రాసి తన దగ్గర దాచుకోవలెను. తమ్ముడు తూచవలెను. అన్ని అంకెలు ఎక్కిన తరువాతనే కాగితం విప్పవలెను.

ఈ పద్ధతికి పెద్ద చరిత్ర ఉన్నది. ఇంగ్లండులో రొనాల్డ్ ఫిషర్ అనే శాస్త్రజ్ఞుడు ప్రయోగాల రూపకల్పనపై 1935లో ఒక గ్రంథం ప్రకటించాడు. అందులో ఒక టీ కథ ఉన్నది. కప్పులో ముందు పాలు పోశారో, ముందు టీ పోశారో తాగి చెప్పగలనని ఒకావిడ అన్నదట. ఎనిమిది కప్పులు, నాలుగు ఒక విధం, నాలుగు మరొక విధం, కలగాపులగంగా ఇయ్యవలెను. ఊరికే ఊహించి చెబితే నాలుగింటిని తప్పులేకుండా ఏరుటకు 70లో ఒక వంతు మాత్రమే అవకాశం. కాబట్టి అన్నీ సరిగా చెబితే ఆమె మాటకు విలువ ఇయ్యవలెను. మన ఇళ్ళలో "ఖరీదైన టీ పొడి లేనిదే నాకు గొంతు దిగదు" అనే బాబాయిలు లేకపోలేదు. చక్కెర, పాలు, కాచే సమయం సమానం చేసి, ఖరీదైన పొడివి నాలుగు, చవక పొడివి నాలుగు కప్పులు వారికి అందించండి. వినయంగా అందించండి!

ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందినవాడు మన తెలుగువాడు, కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకమంతా సి.ఆర్. రావు అంటుంది. ఆయన 1920లో పుట్టినది హడగలిలో. నాడు అది మద్రాసు రాజధానిలోనిది, నేడు కర్ణాటకలోనిది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి, కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో పని చేశారు. అనేక అంశాలను కొద్దిపాటి ప్రయోగాలతోనే సరిచూచే వ్యూహాలను ఆయన రూపొందించారు. అవి నేటికీ పరిశ్రమలలో వాడుకలో ఉన్నవి. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానం అందుకొని, ఆ సంవత్సరంలోనే 102 ఏండ్ల వయసున కాలధర్మం చెందారు. నేటి ఆంధ్ర, తెలంగాణల సరిహద్దులకు వెలుపల పుట్టిన తెలుగు బిడ్డ ఎంత ఎత్తుకు ఎదగవచ్చునో మన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక సబ్బు. మూడు సీసాలలో 50 మిల్లీలీటర్ల చొప్పున ఆర్.ఓ. నీరు, ఉజని కుళాయి నీరు, బోరు నీరు పోయండి. ఒక గ్రాము సబ్బు తురుము 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని ఆర్.ఓ. నీటిలో కరిగించండి. సూది లేని సిరంజితో ఆ సబ్బు నీరు ఒక్కొక్క మిల్లీలీటరు వేస్తూ, ప్రతిసారి మూత బిగించి పదిసార్లు కుదపండి. నురుగు ఒక నిమిషం నిలిచేవరకు ఏ నీటికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టినదో రాయండి. నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎంత ఎక్కువ ఉంటే అంత సబ్బు వాటితో కలిసి తెల్లని తెట్టెగా పోతుంది. మిగిలినదే నురుగుకు వస్తుంది. ఆ తెట్టెలో పోయేది మీ నాన్నగారి జీతమే! తరువాత సబ్బుకు బదులు డిటర్జెంటు పొడితో ఇదే చేసి చూడండి. దానికి తెట్టె కట్టదు, తేడా కంటికే తెలుస్తుంది.

అయితే నురుగు వేరు, శుభ్రం వేరు. మరక పోయినదా లేదా అన్నది మరొక పరీక్ష. పసుపు, నూనె కలిపి ఒకే గుడ్డ ముక్కలకు ఒక్కొక్క చెంచా చొప్పున పట్టించి, వేరువేరు పొడులతో ఒకే కాలం నానబెట్టండి. ఇందులో రెండు మోసాలున్నవి. పసుపు మరక సబ్బు క్షారానికి ఎర్రబారుతుంది. మరక పెరిగినదని కంగారు పడవద్దు, బాగా జాలిస్తే మరల పసుపుపచ్చకు వస్తుంది. రెండవది, ఎండకు పసుపు రంగు తనంత తానే వెలిసిపోవును. ఒక ముక్క ఎండలో, మరొకటి నీడలో ఆరవేస్తే సూర్యుడు చేసిన పనికి పొడి మెప్పు పొందును! పొడి వేయకుండా ఉత్త నీటిలో ఉతికిన ముక్క కూడా ఒకటి పక్కన ఉంచండి. అది లేనిదే పొడి ఎంత చేసినదో, నీరు ఎంత చేసినదో తెలియదు.

ఒంటి సబ్బు కొనేటప్పుడు పై కాగితం మీద టి.ఎఫ్.ఎం. అనే అంకె చూడండి. అది అందులోని కొవ్వు పదార్థపు పాలు. భారతీయ ప్రమాణాల ప్రకారం టాయిలెట్ సబ్బులలో మొదటి తరగతికి 76 శాతం, రెండవదానికి 70, మూడవదానికి 60 తక్కువ కాకుండా ఉండవలెను. ధరను గ్రాములతో భాగించి పోల్చుకోండి. బొమ్మ చూచి కొనకండి.

ఒక హెచ్చరిక. బ్లీచింగు పొడిని గాని ద్రావకాన్ని గాని మరుగుదొడ్డి కడిగే ఆసిడ్‌తో ఎన్నడూ కలపరాదు. విషపు క్లోరిన్ వాయువు పుట్టును. ఆ జోలికి పోవద్దు.

నోటుబుక్కు విషయం మా కచేరీ పద్ధతిలో చెబుతాము. అంకె పెన్నుతో రాయవలెను. తప్పు పడితే రబ్బరుతో చెరపరాదు. ఒక గీత కొట్టి, పక్కన సరియైనది రాసి, పొడి సంతకం పెట్టవలెను. కొట్టివేసినది కూడా చదువుటకు వీలుగా ఉండవలెను. తారీఖు, నీరు ఎక్కడిది, తువ్వాలు ఏ కొట్టులోది, అన్నీ ఎక్కించవలెను.

ఇప్పుడు మేము చెప్పదలచిన అసలు మాట. మన పూర్వభాగం వీధులలో మరమగ్గాల చప్పుడు వింటూ పెరిగిన పిల్లవాడు తువ్వాళ్ళ పరీక్ష చేశాడు. కాగితం విప్పితే మన ఊరి తువ్వాలు ఓడిపోయి, పై ఊరి తువ్వాలు గెలిచింది. అప్పుడేమి చేయవలెను? ఇంట్లో తాత మగ్గం మీద వంగి వంగి నడుము పోగొట్టుకున్నవాడు. ఆ అంకె ఆయనకు చదివి వినిపించవలెనా?

వినిపించవలెననే మేము మనవి చేస్తున్నాము. పిల్లవాడు అంకె మారిస్తే తాత సంతోషించును గాని తువ్వాలు ఒక్క చుక్క నీరు ఎక్కువ పీల్చదు. అదే అంకె తాత ముందు పెట్టి చూడండి. ఆయన బట్టను వేళ్ళ మధ్య రుద్ది, లూపు పొట్టిదని, పడుగులో పాలియెస్టరు కలిసిందని, నూలు ముతకదని ఏదో ఒక కారణం వెదుకుతాడు. ఏ పుస్తకంలోనూ లేని విద్య అది. లోపం మగ్గం మీద దిద్దుకోవలెను గాని నోటుబుక్కులో దిద్దరాదు. మన ఊరి తువ్వాలు గెలిస్తే అప్పుడు నిజంగా గెలిచినట్లు. దాని ముందు నిలబడి ధైర్యంగా చెప్పుకోవచ్చును. అయితే మూడు ముక్కలు చూచి ఒక మిల్లునంతా మెచ్చుకొనుట గాని, నిందించుట గాని తగదు. "ఈ తువ్వాలు, ఈ నీటిలో, ఈ రోజున" అన్నంతవరకే మన మాట.

మరొక్క మనవి. మన పిల్లలు బడిలో మరాఠీలోనో, ఇంగ్లీషులోనో చదువుతారు. అందులో తప్పు లేదు. ఈ ఇంటి పరీక్షలు మాత్రం తెలుగులో చేయించండి. కొలత, తూకం, సగటు, తేడా, పడుగు, పేక అనే మాటలు పిల్లల నోట మెలగవలెను. అప్పుడు ఇంగ్లీషు రాని అవ్వ కూడా సైన్సులో పాలుపంచుకోగలదు. పండుగకు పద్యం చెప్పించే భాష పనికి కూడా వచ్చినప్పుడే పదికాలాలు నిలుచును.

ఉదయం మనమందరము ఉగాది పచ్చడి తిన్నాము. అందులో చేదుగా ఉన్నదని వేపపువ్వు ఎవరూ ఏరి పారవేయలేదు. పిల్లలు తమ నోటుబుక్కులో కూడా తీపి అంకెతోపాటు చేదు అంకెను అట్లే ఉంచుదురుగాక. వచ్చే ఉగాదికి ఈ వేదిక మీద మా బదులు ఏ ఎనిమిదో తరగతి అమ్మాయో నిలబడి తన అంకెలు చదివితే విని సంతోషిస్తాము.