హంసలదీవి: పేరులోని రెండవ ముక్క

గ్రామ పంచాయతీ సభ్యులారా,

కృష్ణానది సాగరమున కలియు చోట, కోడూరు మండలమున, హంసలదీవి యను చిన్న గ్రామము కలదు. ఆ పేరెట్లు వచ్చినదన్నచో అచటి పెద్దలొక కథ చెప్పుదురు. పాపుల స్నానములచే మలినమైన గంగాదేవి కాకిరూపమున తీర్థములన్నింట మునుగుచు వచ్చి, ఈ సంగమమున మునుగగానే తెల్లని హంస యయ్యెనట. మాఘ పూర్ణిమకు స్నానమునకు వచ్చు జనులీ కథనే వెంట తీసికొని పోవుదురు.

నమ్మువారు నమ్ముదురు, మంచిదే. నాకు ముఖ్యమని తోచునది పేరులోని రెండవ ముక్క. దీవి యనగా చుట్టును నీరు గల నేల. పులిగడ్డ కడ కృష్ణ రెండు పాయలుగా చీలును. ఆ పాయలకును సముద్రమునకును నడుమ నున్నదే దివిసీమ. సీమకును ఊరికిని పేరిచ్చినది ఒక్క మాటయే. ప్రక్కనే పాలకాయతిప్ప కలదు. తిప్ప యనగా మెరక. పల్లమేదో, మెరక యేదో పూర్వులు పేరులోనే చెప్పిరి. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో ఈ సీమయందు వేలమంది మరణించిరి.

మీ ఊరి పేరున లంక, మడుగు, తిప్ప వంటి మాట యున్నచో, ఇండ్ల స్థలములకు తీర్మానము వ్రాయుటకు ముందు ముసలివారిని పిలిచి, నీరు ఎంతవరకు వచ్చినదో అడుగుడు. వారు చూపిన గుర్తులను తీర్మానముల పుస్తకమున ఎక్కించుడు.