పిలువని తలపులు



ఒక వైద్యుని కథ మీలో పలువురు వినియే యుందురు. అతడు రోగికి మందిచ్చి, "దీనిని ప్రొద్దుననే తేనెతో సేవింపుము. పథ్యమేమియు లేదు. సేవించునపుడు కోతిని మాత్రము తలపకుము" అని చెప్పెనట. ఆ రోగి అంతకుముందెన్నడును మందు త్రాగుచు కోతిని తలచినవాడు కాడు. ఆ మాట విన్నది మొదలు, గిన్నె చేతబట్టగానే కోతియే కన్నులకు గట్టజొచ్చెను. మందు గిన్నెలోనే యుండిపోయెను. ఈ కథను మనము నవ్వుకొనుటకు చెప్పుకొందుము. కాని యిందు మనస్సుయొక్క ధర్మమొకటి దాగి యున్నది. దాని నెఱుగకపోవుటచేత మన యూళ్లలో ఎందఱో ఒరులతో చెప్పుకొనరాని బాధను లోలోపల ననుభవించుచున్నారు. ఆ బాధను గూర్చియు, దానిని దాటు త్రోవను గూర్చియు నేడు కొన్ని మాటలు మనవి చేసెదను.

మనము పిలిచి తెచ్చుకొను తలపులు కొన్ని. పిలువకయే వచ్చునవి కొన్ని. బావిగట్టున నిలిచి లోనికి తొంగిచూచువానికి, "ఇందులో దుమికినచో?" అని తోచును. రైలు వచ్చువేళ ప్లాటుఫారముమీద నున్నవానికి, ప్రక్కవానిని త్రోసినట్లు ఒక చిత్రము కన్నులయెదుట మెఱయును. కత్తిపీట ముందు కూర్చున్న యిల్లాలికి, ఆడుకొనుచున్న బిడ్డను చూడగానే ఒడలు జలదరించు తలపొకటి పుట్టును. గర్భగుడి యెదుట చేతులు జోడించిన భక్తునికి, నోట ననరాని దూషణవాక్యము మనస్సున మెదలును. వీరిలో అనేకులు "ఛీ, ఇదేమి పాడు తలపు!" అనుకొని తమ పని తాము చూచుకొందురు. గడియ గడచునప్పటికి అది జ్ఞాపకమైనను ఉండదు.

ఇట్టివి చెడ్డవారికే వచ్చునని తలపరాదు. లండను నగరమున రాక్మన్, డిసిల్వా అను ఇద్దరు మనశ్శాస్త్రజ్ఞులు 1978లో ఒక పరిశోధనను ప్రకటించిరి. ఏ వ్యాధియు లేని సామాన్యులను విచారింపగా, వారిలో ఇంచుమించు నూటికి 80 మందికి ఇట్టి తలపులు వచ్చుచున్నట్లు తేలెను. రోగుల తలపులును, సామాన్యుల తలపులును విషయమున నొక్కటియే. రోగులకు అవి మాటిమాటికి వచ్చుటయు, ఎక్కువగా బాధించుటయు, త్రోసినను పోకుండుటయు మాత్రమే భేదము. 2014లో 13 దేశములలోని 777 మంది విద్యార్థులను గూర్చి మఱియొక పరిశోధన వెలువడెను. అంతకుముందు మూడు నెలలలో ఇట్టి తలపొక్కటియైనను వచ్చినదని చెప్పినవారు వారిలో నూటికి 94 మంది. కాబట్టి తలపు వచ్చుట రోగము కాదు. మనుష్యుడై పుట్టినవానికి అది సహజము.

మఱి రోగమెచ్చట మొదలగును? ఒక యింటి సంగతిని ఊహింపుడు. తొలికానుపు బాలింత యొకతె బిడ్డను కాళ్లమీద వేసికొని నీళ్లు పోయుచుండగా, "ఈ పసికందును నేనే నీట ముంచుదునేమో" అను తలపు మెఱుపువలె వచ్చెను. ఆమె గుండె ఝల్లుమనెను. "కన్నతల్లికి రాదగిన తలపేనా ఇది? వచ్చినదన్న నాలో ఎక్కడనో ఆ కోరిక యుండవలెను గదా!" అని తన్ను తానే నేరస్థురాలిగా నిలువబెట్టుకొనెను. మఱునాటినుండి నీళ్లుపోయు పనిని అత్తగారికి విడిచెను. కత్తిపీటను అటకమీద పెట్టించెను. రాత్రివేళ పదిసారులు లేచి బిడ్డ ఊపిరి చూడసాగెను. "నేను బిడ్డను ఏమియు చేయలేదు గదా?" అని పెనిమిటిని అడుగును. లేదనగానే మనస్సు కుదుటబడును. పావుగంటలో మఱల అదే ప్రశ్న. నెల తిరుగునప్పటికి ఆమె బిడ్డను ఎత్తుకొనుటయే మానెను. ఇంటివారిలో కొందఱు గాలి సోకినదనిరి. కొందఱు బిడ్డమీద ప్రేమ లేదనిరి. ప్రేమ మెండుగా నుండుటచేతనే ఆ తలపు ఆమెను అంతగా గాయపఱచినదని ఎవరికిని తోచలేదు. కెనడా దేశమున క్రొత్త తల్లులను విచారించి 2008లో ప్రకటించిన పరిశోధనలో, బిడ్డకు తామే హాని చేసినట్లు కోరని తలపులు వచ్చినవని సుమారు సగముమంది చెప్పిరి. ఆ మాట ఆ బాలింతకు ఎవరైనను తొలిదినముననే చెప్పియుండినచో, కత్తిపీట అటక యెక్కకయే యుండెడిదేమో!

ఆమె చేసిన ప్రతిపనియు తలపును తఱుముటకే గదా; అయినను అది ఏల పెరిగెను? ఇచ్చటనే కోతికథ యక్కఱకు వచ్చును. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున వెగ్నర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు తన తోడివారితో గూడి ఒక పరీక్ష చేసి, 1987లో ప్రకటించెను. కొందఱిని గదిలో కూర్చుండబెట్టి, అయిదు నిమిషములసేపు మనస్సున తోచినదెల్ల పైకి చెప్పుమనియు, తెల్లని ఎలుగుబంటిని మాత్రము తలపవద్దనియు, తలచినప్పుడెల్ల గంట కొట్టుమనియు చెప్పిరి. గంట మ్రోగుచునే యుండెను. తరువాత ఎలుగుబంటిని తలపవచ్చునని అనుమతి యిచ్చిరి. అపుడు, మొదటినుండియు అనుమతి పొందినవారికంటె ముందు అణచుకొన్నవారే దానిని ఎక్కువగా తలచిరి. మన కోతియే అక్కడ ఎలుగుబంటి యయ్యెను. తలపు రాకుండ కాచుటకు మనస్సున ఒక భాగము "వచ్చెనా, వచ్చెనా" యని చూచుచునే యుండవలెను. దొంగ రాకుండ కాయవలసిన కావలివాడు రాత్రియంతయు దొంగపేరే కేకలువేయుచు తిరిగినచో, ఆ యింట నిద్రపోవువారెవరు?

రెండవ కారణమొకటి కలదు. కత్తిపీటను దాచినపుడు, భర్తను అడిగినపుడు, ఆమెకు కొంత ఊరట కలిగెను. ఆ యూరట అప్పువంటిది. నేటి కష్టము తీఱును. రేపు చక్రవడ్డీతో తిరిగివచ్చును. ఏలయన, దాచిన ప్రతిసారియు మనస్సు, "నిజముగా అపాయముండుటచేతనే దాచితిమి" అను పాఠమును నేర్చుకొనును. చేతులు పదేపదే కడుగుకొనుట, తలుపు గొళ్లెమును ఇరువదిసారులు తడవి చూచుట, మంత్రము సరిగా రాలేదని మొదటినుండి మఱల మఱల జపించుట, ఇవన్నియు ఆ యప్పులోని కంతులే. ఊరివారు దీనిని చాదస్తమని నవ్వుదురు. వైద్యులు దీనికి ఓసీడీ అని పేరు పెట్టినారు. బాధ పడువానికి ఇది నవ్వుటాలు కాదు.

దైవచింతన గలవారిని ఎక్కువగా క్రుంగదీయు సందేహము వేఱొకటి కలదు: "మనస్సున పుట్టినను పాపమే గదా?" అని. దీనికి సమాధానము మన యాచారములోనే యున్నది. పూజకు ముందు సంకల్పము చెప్పుదుము. దేశమును, కాలమును, గోత్రమును, పేరును ఉచ్చరించి, ఈ పనిని నేను చేయబూనితినని పలుకుదుము. సంకల్పము చెప్పనిదే పుణ్యకార్యమే మనది కాదు. అట్లుండగా సంకల్పము లేక, కోరిక లేక, వలదన్నను వచ్చిన తలపు పాపకార్యమెట్లగును? ఈ బాధ ఒక మతమువారికే పరిమితము కాదు. 'యాత్రికుని ప్రయాణము' రచించిన ఇంగ్లండుదేశపు జాన్ బన్యన్, తన ప్రభువును అమ్మివేయుమను తలపు తన్ను ఎట్లు వెంటాడెనో, దానికి ఎదురు చెప్పి చెప్పి తాను ఎట్లు అలసిపోయెనో 1666లో అచ్చయిన ఆత్మకథలో వ్రాసికొనెను. భక్తి లేనివాని నిట్టి తలపు బాధింపదు.

ఇక చేయవలసినదేమి? తలపును తఱుమరాదు, దానితో వాదింపరాదు, దానికి లొంగి పని మానరాదు. తలపు రాగానే, "ఇది తలపు, పని కాదు" అని గుర్తింపవలెను. సంతలో నడచునపుడు పదిమంది అంగళ్లవారు కేకలు వేయుదురు. ప్రతివాని నోరు మూయింప బూనుకొన్నచో ప్రొద్దుగ్రుంకును. కేకలు వినబడుచుండగనే మనము కొనవలసినది కొని యిల్లు చేరుదుము. అట్లే తలపు ఉండగనే చేతనున్న పని సాగింపవలెను. అది ఎంతసేపు ఉండునో యుండనిండు.

రెండవ మెట్టు, మానుకొన్న పనిని కొంచెము కొంచెముగా మఱల చేపట్టుట. ఆ బాలింత మొదట అత్తగారు నీళ్లు పోయుచుండగా ప్రక్కన కూర్చుండవలెను. కొన్నినాళ్లకు తాను చెంబుతో నీళ్లు అందింపవలెను. పిమ్మట అత్తగారు దగ్గఱ నుండగా తానే పోయవలెను. తుదకు ఒంటరిగా పోయవలెను. కత్తిపీట అటక దిగవలెను. ప్రతి మెట్టునందును భయము పెరుగును. అపుడు పరుగెత్తక, ఎవరినీ అడుగక, నిలిచియుండవలెను. భయము శిఖరమునకెక్కి, ఏ యుపాయమును చేయకుండగనే క్రమముగా దిగిపోవును. దిగినప్పుడు మనస్సు క్రొత్త పాఠము నేర్చుకొనును. లండనులో మేయర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1966లో ఇద్దరు రోగులకు ఈ పద్ధతిచే కలిగిన మేలును ప్రకటించెను. అప్పటినుండి ఇది వృద్ధిపొంది, నేడు ఈ వ్యాధికి ముఖ్య చికిత్సలలో నొకటియై యున్నది. స్వల్పబాధ గలవారు దీనిని తామే ప్రారంభింపవచ్చును. బాధ ముదిరినవారు వైద్యుని పర్యవేక్షణలోనే చేయవలెను. ఫ్లూఆక్సెటిన్, క్లోమిప్రమిన్ మొదలగు మందులును కలవు. అవి నిద్రమాత్రలు కావు. గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. పదిదినములు వాడి లాభము లేదని మానుట తగదు. వైద్యుని అడుగక మానుటయు తగదు. పాలిచ్చు తల్లి ఆ సంగతి వైద్యునితో ముందుగా చెప్పవలెను.

పెద్దలారా, మీకు ప్రత్యేకముగా మనవి చేయవలసినవి కొన్ని కలవు. ఊళ్లో ఇట్టివారు ఆసుపత్రికి పోకముందు మీ యరుగుమీదికే వత్తురు. "అట్టి తలపులు రానీయకుము" అని వారితో చెప్పకుడు; అది కోతిని తలపవద్దనుటయే. కోపింపకుడు, నలుగురిలో బయటపెట్టకుడు. దిష్టి తీయించుకొందుననినచో ఒకసారి తీయించుకొననిండు. కాని తాయెత్తు వెంట తాయెత్తు కట్టుచు చికిత్సకు ఆలస్యము చేయకుడు. "నాకు పాపము తగులదు గదా?" అని అడిగినపుడు ఒకసారి దయతో సమాధానము చెప్పుడు. అదే ప్రశ్నను పదవసారి అడిగినపుడు, "నాయనా, ఈ ప్రశ్నను నీ భయము అడుగుచున్నది. దానికి నేను జవాబు చెప్పను. రమ్ము, పొలము చూచివత్తము" అనుడు. ఇది కాఠిన్యమువలె కనబడును. కాని వందవసారి ధైర్యము చెప్పుటకంటె ఇదియే యెక్కువ మేలు చేయును.

ఒక భేదమును మాత్రము జాగ్రత్తగా గుర్తింపవలెను. తలపు వచ్చినందులకు భీతిల్లి, అసహ్యపడి, దానినుండి పాఱిపోవజూచువారు ఆ తలపును కోరినవారు కారు. అట్లుగాక, ఎవరో ఆజ్ఞాపించుచున్నట్లు గొంతుకలు వినబడుచున్నవని చెప్పువారు, బిడ్డను బిడ్డ కాదు భూతమని నమ్మువారు, కాన్పైన కొలది దినములకే నిద్రమాని పొంతనలేని మాటలాడువారు, చావు కోరి దానికి ఏర్పాట్లు చేసికొనువారు, వీరి సంగతి వేఱు. వీరిని ఆ దినముననే ఆసుపత్రికి చేర్పవలెను. చేరువఱకు ఒంటరిగా విడువరాదు. బిడ్డను ఆ తల్లికడ ఒంటరిగా నుంచరాదు. ఏది యేదో తెలియనపుడు వైద్యుని అడుగుటయే క్షేమము.

జిల్లా ప్రభుత్వాసుపత్రులలో మానసిక వైద్యులను అడుగవచ్చును. విశాఖపట్టణమునను, హైదరాబాదు ఎఱ్ఱగడ్డయందును ఇందులకై ప్రత్యేకమైన ప్రభుత్వ వైద్యశాలలు కలవు. అంతదూరము పోలేనివారు 14416 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. టెలిమానస్ అను ఈ యేర్పాటును 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము ప్రారంభించెను. రాత్రింబగళ్లు పనిచేయును, రుసుము లేదు, తెలుగులో మాటలాడవచ్చును.

సంవత్సరములకొలది దాచుకొన్న మాటను ఒకడు మీకడ మొదటిసారి విప్పునపుడు, అతడు మీ మాటకంటె ముందు మీ ముఖమును చూచును. అక్కడ వెఱపో, ఏవగింపో కనబడినచో ఆ నోరు మఱల తెఱువబడదు. "ఇంతే గదా! ఇట్టివి అందఱికిని వచ్చును. కూర్చుండుము, చెప్పుము" అన్నచో, అతని బరువులో సగము అక్కడనే దిగిపోవును. మిగిలిన సగమునకు వైద్యుడున్నాడు.

సెలవు.