పురపాలక సంఘములు – గుత్తపనులు
(మన సంఘ వార్షిక సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



సాంస్కృతిక సంఘ వేదికపై కవిత్వమును గూర్చియో, నాటకమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. కాని కార్యదర్శిగారు, మీకు తెలిసిన విషయమునే చెప్పుడని సెలవిచ్చినారు. సచివాలయమున దస్త్రముల నడుమ కాలము గడుపుచున్న నాకు తెలిసినది టెండరుల భాష. అది రసవంతమైన భాష కాదు. అయినను మన ఊళ్లలో కుళాయికి నీరు వచ్చుటయు, వీథిదీపము వెలుగుటయు, మురుగుకాలువ పారుటయు ఆ భాషమీదనే ఆధారపడియున్నవి. కావున కొంచెము ఓపికతో వినవలెనని ప్రార్థన.

ప్రజల పనిని నియమబద్ధముగా చేయించుట మనకు క్రొత్త విద్య కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు వద్ద 1369వ సంవత్సరపు సంస్కృత శాసనమొకటి కలదు. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును త్రవ్వించినాడు. 1000 మంది కూలీలు, 100 బండ్లు, 2 సంవత్సరముల కాలము పట్టినదని శాసనము లెక్క చెప్పుచున్నది. అంతేకాదు, మంచి చెరువునకు ఉండవలసిన 12 అంగములను, ఉండరాని 6 దోషములను వరుసగా పేర్కొన్నది. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట అట్టి దోషములలోనివి. నేటి ఇంజనీరు వ్రాయు పని వివరణపత్రమునకు ఇది పూర్వరూపమని చెప్పవచ్చును. పొలిమేర దోషము నేటికిని పోలేదు. పురపాలక సంఘమునకును రోడ్లు భవనముల శాఖకును నడుమ చిక్కిన బాట యెట్లుండునో మీరెరుగుదురు.

రాయలసీమలో దశబంధమను పద్ధతియు నుండెడిది. చెరువు కట్టినవారికి, దానిని మరమ్మతు చేయుచుండువారికి ఇనాము భూమి ఇచ్చెడివారు. చెరువు నిండినగాని ఆ భూమి పండదు. పని చేసినవాని లాభమును, ఊరి లాభమును ఒకే ముడిలో వేసిన ఆ యేర్పాటులోని వివేకమును గమనింపుడు. నేటి గుత్తలలో మనము కోల్పోయినది ఆ ముడినే.

ఇక పురపాలక సంఘముల మాట. మన భీమునిపట్నము 1861లోనే పురపాలక సంఘమైనది. 1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనకు తీర్మానరూపమిచ్చినాడు. తుదకు 1993 జూన్ 1న అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 12వ షెడ్యూలులో 18 విషయములను పట్టణములకు అప్పగింపదగినవిగా చేర్చినది. బాధ్యతల పట్టిక పెరిగినది గాని చేతులు పెరుగలేదు. చిన్న పట్టణమున ఇంజనీరింగు సిబ్బంది వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే. కావున బాట వేయుట మొదలు చెత్త యెత్తుట వరకు గుత్తకిచ్చుట తప్పనిసరియైనది.

గుత్త నడచు తీరు పైకి సుబోధముగనే యుండును. మొదట అంచనా, పిమ్మట పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, తరువాత టెండరు ప్రకటన. పాల్గొనువాడు మధ్యలో పారిపోకుండుటకు ధరావత్తు చెల్లించును. మన కేంద్ర నియమావళిలో వస్తువుల కొనుగోలునకు ఇది 2 నుండి 5 శాతము వరకు నుండును. పెద్ద పనులలో అర్హతల కవరు ముందును, ధరల కవరు వెనుకను తెరతురు. ఒప్పందము కుదిరి పని సాగినపుడు కొలతలను ఎం-బుక్కులో వ్రాయుదురు. ఆ కొలతలనుబట్టి బిల్లు పాసగును. కొంత సొమ్మును లోపబాధ్యతాకాలము ముగియువరకు నిలిపియుంచుదురు. ఈ మెట్లలో ప్రతిదియు పూర్వమెప్పుడో జరిగిన యొక మోసమునకు విరుగుడుగా పుట్టినదే. ఉద్యోగులు ప్రభుత్వధనమును హరించు మార్గములు 40 అని కౌటిల్యుడు ఆనాడే లెక్కవేసినాడు గదా!

మరి లోపమెక్కడ? మొదటిది షరతులలో నుండును. ఒక్కనికి మాత్రమే సరిపడునట్లు అర్హతలు వ్రాయుట, లేదా వ్రాసిన అర్హతను తరువాత సడలించుట. 1979లో రమణ దయారామ్ శెట్టి వ్యాజ్యమున సుప్రీంకోర్టు దీనిని గూర్చి స్పష్టమైన తీర్పునిచ్చినది. బొంబాయి విమానాశ్రయమున రెండవ తరగతి భోజనశాలకు పిలిచిన టెండరులలో, ప్రకటించిన అనుభవము లేనివానికే గుత్త దక్కినది. తాను ప్రకటించిన ప్రమాణమునకు ప్రభుత్వసంస్థ తానే కట్టుబడవలెనని న్యాయస్థానము తేల్చినది. అయితే వాది ఆలస్యముగా వచ్చినందున గుత్తను మాత్రము రద్దుచేయలేదు. ఇందులో రెండు పాఠములున్నవి: అన్యాయము అన్యాయమే, ఆలస్యముగా అడిగినవానికి ఫలము దక్కదు.

రెండవది తక్కువ ధర వ్యామోహము. 10 లక్షల అంచనాకు ఒకడు 30 శాతము లెస్సుకు వేసినాడనుకొందము. ఖజానాకు 3 లక్షలు మిగిలినవని మనము సంతోషింతుము. కాని సిమెంటు ధర తగ్గదు, కంకర ధర తగ్గదు. తగ్గునది బాట మందమే. రెండు వానకాలములకు ఆ బాట లేచిపోవును, మరల అంచనా వేయుదుము. అంచనాయే పెంచి వ్రాయబడియుండవలెను, లేదా పనియే తగ్గింపబడవలెను. ఈ రెంటిలో ఏదియో తేల్చుకొనక సంతకము చేయుట పొదుపు కాదు.

మూడవది బిల్లుల ఆలస్యము. దీనిని గూర్చి మాటలాడువారరుదు. నెలల తరబడి సొమ్ము రాదని తెలిసిన కంట్రాక్టరు ఆ వడ్డీని ముందే ధరలో కలుపును. నిజాయితీపరుడైన చిన్నవాడు అప్పు భరింపలేక టెండరు వేయుట మానును. తుదకు మిగులువాడు బిల్లును కదిలింపగల పలుకుబడిగలవాడే. పోటీ లేదని వాపోవు పురపాలక సంఘము తన చెల్లింపుల పుస్తకమును ఒకసారి తెరచిచూచుట మంచిది.

అన్నిటికన్న బరువైనది నాల్గవది. బాట పనిని కొలతబద్దతో కొలువవచ్చును. పారిశుధ్యమును దేనితో కొలుతుము? అందు ఖర్చంతయు మనుష్యుల కూలియే. అక్కడ 30 శాతము లెస్సుకు వేసినవాడు ఆ తగ్గింపును ఎక్కడనుండి తెచ్చును? 20 మందికి బదులు 14 మందిని పెట్టును, లేదా భవిష్యనిధి కట్టడు, లేదా చేతితొడుగులు, ముసుగులు కొనడు. రక్షణసామగ్రి లేకుండ మురుగుగుంటలోనికి మనిషిని దింపి శుభ్రపరచుటను 2013వ సంవత్సరపు చట్టము నిషేధించినది. అట్లు మరణించినవారి కుటుంబమునకు 10 లక్షల రూపాయలీయవలెనని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2023 అక్టోబరులో దానిని 30 లక్షలకు పెంచినది. నిషేధము వచ్చిన పదేండ్లకు పరిహారమును పెంచవలసివచ్చినదనగా, మరణములాగలేదని యర్థము. కంట్రాక్టరు మనిషియే గాని మా మనిషి కాడని కమీషనరు చెప్పజాలడు. పనిని గుత్తకీయవచ్చును, ప్రాణమునకు జవాబుదారీని గుత్తకీయరాదు.

డబ్బు లేదనుటయు చెల్లదు. మధ్యప్రదేశమునందలి రత్లాము పురపాలక సంఘము కాలువలు కట్టుటకు నిధులు లేవని వాదించినపుడు, 1980లో జస్టిస్ కృష్ణయ్యరుగారు ఆ వాదమును త్రోసిపుచ్చినారు. ఆ వ్యాజ్యమును నడిపినవారు ఆ వీథిలోని సామాన్య నివాసులే.

మంచి మార్పులును లేకపోలేదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశము ఎలక్ట్రానిక్ టెండరు పద్ధతిని ప్రారంభించినది. టెండరు పెట్టె యెదుట మనుష్యులను నిలిపి ఇతరులను రానీయని రోజులకు అది అడ్డుకట్ట. కాని కంప్యూటరు కవరును కాపాడగలదు. బాట మందమును కాపాడలేదు. అందుకు కండ్లు కావలెను.

ఆ కండ్లు మనవి కాగూడదా? సంక్రాంతికి మనలో చాలమంది స్వగ్రామమునకు పోవుదుము. అచ్చటి బాటను చూచి, మనదేశమింతే యని నిట్టూర్చి మరల రైలెక్కుదుము. ఈసారి నిట్టూర్పునకు బదులు ఒక దరఖాస్తు వ్రాయుదము. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద ఆ పని అంచనాను, ఒప్పందమును, ఎం-బుక్కు నకలును కోరుదము. మన వీథి ఊడ్చువారి సంఖ్యను, వారికి ముట్టిన కూలిని అడుగుదము. బాకీపడిన బిల్లులెన్నియో కూడ అడుగుదము. అది కంట్రాక్టరునకు న్యాయము.

స్వంత సొమ్మును ఖర్చుపెట్టునపుడు వివేకవంతుడు చూపు జాగ్రత్తనే ప్రభుత్వధనము విషయమునను చూపవలెనని 2017వ సంవత్సరపు సాధారణ ఆర్థిక నియమావళి మనలను శాసించుచున్నది. కేంద్రోద్యోగులమైన మనము కార్యాలయమున నిత్యము పాటింపవలసిన నియమమది. దానిని పుట్టిన ఊరికి సెలవులలో కూడ వెంట తీసికొనిపోవుదము.