మాంసపు కోళ్ల మేతలో ఎంజైములు
(ప్రసంగ పాఠము)



సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములలో కర్మాగారముల నడుమనే అనేక కోళ్ల షెడ్లు నడుచుచున్నవి. పెంపకపు ఖర్చులో పెద్ద భాగము మేతదే. ఆ ఖర్చు తగ్గునని చెప్పి ఎంజైముల పొడులు అమ్ముచున్నారు. మేత స్వయముగా కలుపుకొనువారు వీని సంగతి తెలిసికొని వాడవలెను. కంపెనీ మేతతో పెంచువారు తమంతట తాము ఏమియు కలుపనక్కరలేదు.

ఎంజైము మందు కాదు, బలము పొడి కాదు. మేతలో నుండియు కోడికి అందని పోషకమును విడదీసి అందించునది మాత్రమే.

నేను పంటల శాస్త్రము బోధించువాడను గనుక గింజనుండియే మొదలిడెదను. మనము పొలమునకు వేసిన భాస్వరమును మొక్క గ్రహించి గింజలో దాచుకొనును. మక్కజొన్న, సోయా చెక్క, తవుడులలోని భాస్వరములో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేటు అను రూపమున బిగిసియుండును. దానిని విడదీయు ఫైటేజ్ అను ఎంజైము కోడి ప్రేగులలో చాలినంత లేదు. అందుచేత ఆ భాస్వరము చాలవరకు రెట్టతో పోవును. మనము మరల డబ్బు పెట్టి డి.సి.పి. కొని కలుపుదుము. 1991లో నెదర్లాండ్సు దేశమున ఫైటేజ్ మేతలో వాడుటకు అంగడికి వచ్చినది. సూక్ష్మజీవులను తొట్లలో పెంచి దానిని తయారు చేయుదురు.

సాధారణముగా కిలో మేతకు 500 యూనిట్ల ఫైటేజ్ వాడుదురు. గ్రాముకు 5,000 యూనిట్లు గల పొడియైనచో టన్నుకు 100 గ్రాములు చాలును. అప్పుడు టన్నుకు 5 కిలోల వరకు డి.సి.పి. తగ్గింపవచ్చును. తగ్గింపక పైన ఎంజైము వేసినచో రెండు ఖర్చులు మీవే. అంతకు మించి తగ్గించినచో పిల్లల కాళ్లు బలహీనపడును. సున్నపురాయి పొడి ఎక్కువైనను ఫైటేజ్ పని కుంటుపడును.

తవుడు, గోధుమ పొట్టు, పొద్దుతిరుగుడు చెక్క ఎక్కువ వాడునప్పుడు పీచును విడగొట్టు జైలనేజ్ వంటివి ఉపకరించును. అయితే ఎర్ర జొన్నలోని టానిన్‌ను గాని, బూజుపట్టిన మక్కల విషమును గాని ఈ ఎంజైములు పోగొట్టలేవు. చెడిన గింజను పారవేయుటయే మార్గము.

వంద గ్రాముల పొడిని ఒకేసారి టన్నులో చల్లరాదు. ముందు ఒక కిలో మక్క పిండిలో, పిదప పది కిలోలలో, ఆపైన వంద కిలోలలో కలిపి, తుదకు మొత్తములో కలుపవలెను. ఎండకు కాగు రేకుల షెడ్డులో నిలువ చేయరాదు. గుళికల మేతకైనచో వేడికి తట్టుకొను రకమునే అడుగవలెను. 80 డిగ్రీలు దాటిన వేడికి సాధారణ రకము చెడును. సంచిపై యూనిట్లు, గడువు తేదీ చూడక కొనరాదు.

ఒకే రోజున వచ్చిన పిల్లలను రెండు అరలుగా చేసి, ఒక అరకు పాత మేత, రెండవ అరకు డి.సి.పి. తగ్గించి ఎంజైము కలిపిన మేత పెట్టుడు. తిన్న మేత, పెరిగిన బరువు, చచ్చిన పిల్లలు, కాళ్ల తీరు వ్రాసి యుంచుడు. అమ్మువాని మాట కన్న మీ త్రాసు మాట నమ్మదగినది.

మరియొక మాట. రెట్టలో మిగిలిన భాస్వరము వానకు కొట్టుకొనిపోయి చెరువులలో నాచును పెంచును. పరిశ్రమల మురుగుతో నక్కవాగు ఎంత చెడినదో మీరెరుగుదురు. మన షెడ్ల వలన ఆ చేటు పెరుగరాదు. మేతలోని భాస్వరమును కోడికి దక్కించినచో మన సొమ్మును నిలుచును, మన నీరును నిలుచును.