అనుదిన ఆహారం, అనుదిన క్షమాపణ



ఏటా గుడ్ ఫ్రైడే నాడు సిలువపై పలికిన ఏడు మాటలు ధ్యానిస్తాం. తనను చంపుతున్నవారి కోసం యేసు ప్రార్థించిన మొదటి మాట దగ్గర మన కళ్లు చెమరుస్తాయి. ఈస్టరు వెళ్లాక అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా మళ్లీ మొదలవుతుంది. సంఘ ఎన్నికల్లో గెలిచినవారు, ఓడినవారు ఒకే గుడిలో ఎడమొహం పెడమొహంగా కూర్చుంటారు. అందుకే ఈరోజు ఒక్క మాట చెప్పాలని వచ్చాను. క్షమించడం రోజూ చేయాల్సిన సాధన.

ప్రభువు నేర్పిన ప్రార్థన చూడండి. అనుదినాహారం అడిగిన వెంటనే క్షమాపణ అడగమన్నాడు. నిన్న తిన్న అన్నం ఈరోజు ఆకలి తీర్చదు. నిన్నటి క్షమాపణా అంతే. ఈరోజు ఎవరో కొత్తగా మాట అంటారు, మానిందనుకున్న గాయం మళ్లీ సలుపుతుంది. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఈ ప్రార్థన ముగిశాక యేసు మళ్లీ ఎత్తి వివరించిన మనవి ఇదొక్కటే.

ఏడుసార్లు క్షమిస్తే చాలా అని పేతురు అడిగినప్పుడు ప్రభువు ఇద్దరు బాకీదారుల కథ చెప్పాడు. ఒకడు రాజుకు పదివేల తలాంతులు బాకీ, రెండోవాడు ఆ మొదటివాడికి నూరు దేనారాలు బాకీ. రాజు మొదటివాడి బాకీ కొట్టివేశాడు, వాడు మాత్రం బయటికి వెళ్లి రెండోవాడి గొంతు పట్టుకున్నాడు. దేనారం ఆనాటి కూలివాడికి ఒక రోజు కూలి. తలాంతు అంటే సుమారు ఆరువేల దేనారాలు. నూరు దేనారాలు చిన్న బాకీ కాదు, మూడు నెలల పైచిలుకు కష్టం. మనకు జరిగిన అన్యాయం నిజమైనదేనని యేసుకు తెలుసు. కాని దేవుడు మనకు కొట్టివేసిన బాకీ ఆరు కోట్ల రోజుల కూలి! రోజూ మోకరించి ఈ లెక్క గుర్తు చేసుకునేవాడు తోటివాడి గొంతు పట్టుకోలేడు.

ఇలా క్షమించిన ఒక స్త్రీని మన దేశం చూసింది. 1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, వాహనంలో నిద్రిస్తున్న, కుష్ఠు రోగులకు సేవ చేసే మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన చిన్న కొడుకులు ఫిలిప్, తిమోతిలను సజీవదహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమిస్తున్నానని ప్రకటించారు. ఆ మాటతో ఆగలేదు. ఇంకా కొన్నేళ్లు ఒడిశాలోనే ఉండి కుష్ఠు రోగుల సేవ కొనసాగించారు. 2005లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. నోటితో చెప్పిన క్షమాపణను ఆమె ప్రతి ఉదయం చేతులతో నిలబెట్టుకున్నారు.

అయితే క్షమించడమంటే న్యాయాన్ని వదులుకోవడం కాదు. ఆ కేసులో చట్టం తన పని తాను చేసింది, ప్రధాన దోషికి జీవితఖైదు పడింది. భర్త చేత దెబ్బలు తింటున్న ఆడబిడ్డను "క్షమించి సర్దుకుపో" అని తిరిగి ఆ ఇంటికే పంపడం వాక్యాన్ని వక్రీకరించడమే. ఆమెకు ముందు రక్షణ కావాలి. మనసులోని పగను దేవునికి అప్పగించడం వేరు, దెబ్బలకు ఒళ్లు అప్పగించడం వేరు.

ఈ సాధనకు మన ఆరాధనలోనే దారి ఉంది. దక్షిణ ఇండియా సంఘం 1950లో కూర్చిన ప్రభు భోజన క్రమంలో, కానుకకు ముందు ఒకరి చేతిని ఒకరు అరచేతుల మధ్య తీసుకుని సమాధానం చెప్పుకునే ఆచారాన్ని చేర్చింది. బలిపీఠం దగ్గర కానుక విడిచి ముందు సహోదరునితో సమాధానపడమన్న ప్రభువు ఆజ్ఞకు అది ఆచరణ రూపం. ఆ చేయి పక్కనున్న స్నేహితుడికే ఇచ్చి కూర్చుంటే ఆచారం మిగులుతుంది, ఆజ్ఞ మిగలదు.

కాబట్టి మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో, మీకు ఎవరిమీద కోపముందో ఆ మనిషి పేరు దేవుని ముందు పలకండి. ఆ మనిషికి మేలు కోరండి. మనసు ఒప్పకపోతే రేపు మళ్లీ పలకండి. తప్పు మీదైతే ప్రభు బల్లను సమీపించే ముందే వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడగండి. పెద్దలైన మీరు మొదలుపెడితే, పిల్లలు మిమ్మల్ని చూసి నేర్చుకుంటారు.