ఆలయ నాదానికి కొలత ఏది?



జీర్ణోద్ధరణ అనగానే మన కన్ను ముందుగా గోపురం వైపు, కొత్తగా పరచిన రాతి వైపు, ధ్వజస్తంభపు తొడుగు వైపు పోతుంది. స్థపతి తన మానాన్ని విడువక ప్రతి అంగుళాన్నీ కొలిచి నిలబెట్టినాడు కనుక ఆ పనికి శోభ వచ్చినది. అయితే ఆలయంలో రాయి ఎంత ముఖ్యమో నాదమూ అంత ముఖ్యమే. సుప్రభాతం మొదలు పవళింపు సేవ వరకు స్వామిని సేవించే ఆ నాదానికి కొలత ఏది? సన్నాయికి ఒక శ్రుతి, దాత ఇచ్చిన శ్రుతిపెట్టెకు మరొక శ్రుతి, భజన హార్మోనియానికి వేరొక శ్రుతి అయినప్పుడు దేనిని దేనికి సరిచేయాలి? ఈ చిన్న ప్రశ్నను మీ ముందుంచుతున్నాను.

శ్రుతికి సంబంధించి రెండు విషయాలను వేరు చేసి చూడాలి. మొదటిది ఆధార షడ్జం ఎంత ఎత్తున ఉండాలన్నది. ఇది మనుషులు చేసుకున్న ఒప్పందం. 1859లో ఫ్రాన్సు ప్రభుత్వం ఒక ప్రమాణ స్వరానికి సెకనుకు 435 కంపనాలని నిర్ణయించినది. 1939లో లండనులో జరిగిన అంతర్జాతీయ సమావేశం దానినే 440 అన్నది. నేటి శ్రుతిపెట్టెలలో ఒకటవ కట్ట ఈ లెక్క మీద సెకనుకు సుమారు 261.6 కంపనాలు. 435 అనుకున్న కాలంలో పాడినవారు అపశ్రుతిలో పాడినట్లు కాదు. మన సంగీతంలో గాయకుడు తన గాత్రానికి ఇమిడే కట్టను తానే ఎంచుకుంటాడు.

రెండవది స్వరానికీ స్వరానికీ నడుమ ఉండే దూరం. ఇది ఒప్పందం కాదు. షడ్జం రెండు కంపనాలు చేసే వేళకు పంచమం మూడు చేస్తుంది. మధ్యమం మూడింటికి నాలుగు చేస్తుంది. ఈ సత్యాన్ని శాస్త్రంగా నిలిపినవారిలో ఒకరికి మన సీమతోనే అనుబంధం ఉండడం మన భాగ్యం. ఆయన రామామాత్యుడు. అళియ రామరాయల ఆదరణలో 1550లో 'స్వరమేళకళానిధి' అనే సంస్కృత లక్షణ గ్రంథాన్ని రచించినాడు. అచ్యుతదేవరాయల కాలంలో కొండవీటి సీమను పాలించిన బయకార రామప్పయ్యే ఈ రామామాత్యుడని పలువురు పరిశోధకులు గుర్తించినారు.

ఆయన వర్ణించిన శుద్ధమేళ వీణకు నాలుగు ప్రధాన తంత్రులు: అనుమంద్ర షడ్జం, అనుమంద్ర పంచమం, మంద్ర షడ్జం, మంద్ర మధ్యమం. మధ్యమ తంత్రిని రెండవ మెట్టు మీద నొక్కితే పంచమం పలుకుతుంది. అది విడిగా మీటిన పంచమ తంత్రికి సరిగ్గా పై స్థాయిలో కలిసిపోవాలి. కలిస్తే మెట్టు సరియైన చోట ఉన్నట్లు. కలవకుంటే మెట్టునే జరపాలి. ఇలా సహజంగా పుట్టి తమంతట తాము కలిసే స్వరాలను ఆయన స్వయంభూ స్వరాలన్నాడు. స్వయంభూ మూర్తిని ఎవరూ చెక్కలేదని నమ్మి మ్రొక్కే మనకు ఆ మాటను వేరుగా వివరించనక్కరలేదు.

మరి రెండు శ్రుతుల నడుమ తేడాను ఎలా కొలవాలి? పందొమ్మిదవ శతాబ్ది చివరలో ఆంగ్లేయ పండితుడు అలెగ్జాండర్ ఎల్లిస్ ఒక కొలమానం ఇచ్చినాడు. దాని పేరు మన రైతులకు బాగా తెలిసినదే: సెంటు. వంద సెంట్లు కలిస్తే ఎకరమైనట్లు, సంగీతంలో వంద సెంట్లు కలిస్తే హార్మోనియం మీద ఒక మెట్టు నుండి పక్క మెట్టుకు దూరం. స్థాయి మొత్తం 1200 సెంట్లు, అనగా పన్నెండెకరాల చేను. హార్మోనియం, కీబోర్డు ఆ చేనును పన్నెండు సమాన మడులుగా కోసుకున్నవి. స్వయంభూ స్వరాలు అలా కోసిన గట్ల మీదనే నిలబడవు. సహజ పంచమం 702 సెంట్లు, కీబోర్డుది 700. తేడా రెండే సెంట్లు, చెవికి దాదాపు అందదు. సహజ అంతర గాంధారం 386, కీబోర్డుది 400. ఈ పద్నాలుగు సెంట్లు శిక్షణ గల చెవికి తెలిసిపోతాయి. కనుక కీబోర్డు భజనకు పనికివచ్చినా సన్నాయికి కొలబద్ద కాజాలదు.

కొలవడానికి యంత్రం లేకున్నా చెవి చాలును. శ్రుతిపెట్టె షడ్జం సెకనుకు 260 కంపనాలు, సన్నాయి షడ్జం 263 అయితే ఆ రెండూ కలిసి మ్రోగినప్పుడు నాదం సెకనుకు మూడుసార్లు ఉబ్బి తగ్గుతుంది. శాస్త్రజ్ఞులు వీటిని విస్పందనాలంటారు. ఆ తేడా సుమారు 20 సెంట్లు. రెండూ దగ్గరవుతున్న కొద్దీ అల నెమ్మదించి, కలిసిన క్షణాన పూర్తిగా అణగిపోతుంది.

ఇక్కడ మన ఎండలనూ లెక్కలోకి తీసుకోవాలి. గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరిగి ఊదే వాద్యాల శ్రుతి హెచ్చుతుంది. గాలి 25 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు చేరితే ఆ హెచ్చు లెక్కకు సుమారు 42 సెంట్లు. విద్వాంసుని ఊపిరి వెచ్చదనం వలన వాద్యంలో అది కొంత తగ్గవచ్చును గాని, వైశాఖ మాసపు మధ్యాహ్న సేవలో శ్రుతిపెట్టె ఉదయపు చోటనే నిలిచి ఉండగా సన్నాయి పైకి జరుగుతుంది. విద్వాంసుడు పీకను, ఊదే ఒత్తిడిని సవరించి కొంతవరకు సరిపెట్టగలడు. కొయ్యలో తొలిచిన రంధ్రాలను మాత్రం జరపలేడు. శ్రుతిపెట్టెకు సన్నని సర్దుబాటు మీట ఉన్నది. కావున జరగవలసినది పెట్టె, సన్నాయి కాదు.

ఈ మాట పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉన్నది. నాదస్వరానికి ఈ మైదానం పుట్టినిల్లు వంటిది. ఒంగోలు చెంతనున్న కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా, చిలకలూరిపేట ఆదం సాహెబ్ వద్ద శిక్షణ పొంది, పిదప తంజావూరు బాణీని అభ్యసించి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదాన్ని అందుకున్నారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటితమైనది. మతభేదం ఎరుగక దేవుని సన్నిధిలో ఊపిరిని నాదం చేసిన వంశాలివి. మీట నొక్కితే మ్రోగే డోలుయంత్రం, రికార్డు చేసిన సన్నాయి చౌకగా దొరుకుతున్న ఈ రోజుల్లో ఆ వంశాల పిల్లలకు గుడిలో చోటు మిగలాలా వద్దా అన్నది దాతల చేతిలోనే ఉన్నది.

అందువలన నా విన్నపాలు మూడు. వాద్యాన్ని గాని శ్రుతిపెట్టెను గాని సమర్పించదలచిన దాత ముందుగా ఆలయ విద్వాంసుని కట్ట ఎంతో అడిగి తెలుసుకోవాలి. కుంభాభిషేకానికి ముందే సన్నాయిని, శ్రుతిపెట్టెను మైకు ముందు కలిపి మ్రోగించి, అల అణగే వరకు సరిచేయించాలి. అన్నిటికీ మించి, యంత్రానికి పెట్టే ఖర్చులో కొంతైనా ఏటేటా మేళానికి సంభావనగా కేటాయించాలి.

రాతిని స్థపతి కొలతకు వదిలిపెట్టినాము. నాదాన్ని విద్వాంసుని చెవికి వదిలిపెడదాము. స్వస్తి.