పోఖ్రాన్ పరీక్షలను సీఐఏ ఎందుకు పసిగట్టలేకపోయింది?

1998 మే 11న రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో భారతదేశం అణుపరీక్షలు జరిపినప్పుడు, అమెరికా గూఢచార సంస్థ సీఐఏకు ముందుగా ఏమీ తెలియలేదు. ఆ దేశానికి నిఘా ఉపగ్రహాల కొరత లేదు. 1995 డిసెంబరులో అక్కడి సన్నాహాలను ఆ ఉపగ్రహాలే పట్టి ఇవ్వగా, అమెరికా ఒత్తిడి తెచ్చింది, పి.వి. నరసింహారావు ప్రభుత్వ హయాంలో ఆ పరీక్ష జరగలేదు.

అయితే ఏ ఆనవాళ్లు పైనుంచి కనిపిస్తాయో భారతీయులకు అప్పుడే అర్థమైంది. అందుకే 1998లో సైనిక ఇంజనీర్లు ఎక్కువగా రాత్రిపూట పనిచేసి, తెల్లవారేసరికి యంత్రాలను యథాస్థానంలో నిలిపి, తవ్విపోసిన ఇసుకను గాలికి ఏర్పడిన దిబ్బల్లా మలిచేవారు. శాస్త్రవేత్తలు సైనిక దుస్తుల్లో తిరిగేవారు.

ఈ గోప్యత ఎంత పకడ్బందీగా సాగినా, విశ్లేషకుల ఆలోచనలోని లోపమే అంతకన్నా పెద్దది. అవతలి దేశం కూడా తమలాగే లాభనష్టాలు లెక్కవేస్తుందని నమ్మడమే ఆ లోపం. అణ్వస్త్రాలు సమకూర్చుకునే అవకాశాన్ని వినియోగించుకుంటామని 1998లో అధికారంలో ఉన్న బీజేపీ తన ఎన్నికల ప్రణాళికలో బాహాటంగా చెప్పినా, ఆంక్షల భయంతో వెనక్కి తగ్గుతుందనే వారు భావించారు. అనంతరం విచారణ జరిపిన అడ్మిరల్ డేవిడ్ జెరెమయా ఈ ధోరణినే తప్పుపట్టి, సేకరిస్తున్న చిత్రాలకు తగినంతగా వాటిని పరిశీలించే విశ్లేషకులు లేరని కూడా ఎత్తిచూపారు.